పెదవి మాట

ఉప్పు సముద్రం పక్కన ఉన్న మా సోయరు ఊళ్ళో మంచి బుట్ట కావాలంటే షెలామ గడప తొక్కాల్సిందే. ఖర్జూరపు మట్టలు చీల్చి, నానబెట్టి ఆమె అల్లిన బుట్టలో పండిన పండు పోసి, గాడిద మీద వేసి కొండలెక్కించినా ఒక్క పండు నలిగేది కాదు. బుట్ట ఎంత గట్టిదో నోరూ అంత గట్టిది. ఎవరైనా బేరానికి దిగితే, "నీకు బుట్టెందుకు నాయనా, ఒళ్ళో పోసుకుని పో" అని సాగనంపేది. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, రూహామ. ఆ ఇద్దరి మధ్యా జరిగిన సంగతే ఇది.

షెలామ స్నానంవాళ్ళ మనిషి. మా ఊళ్ళో యేసు పేరు చెప్పుకునేవాళ్ళే మూడు రకాలు. వీధి పై చివర ఉండేవాళ్ళు ఆయన యోసేపు కన్న కొడుకేననీ, ధర్మశాస్త్రం తప్పకుండా నడిచాడు కనుకే దేవుడు ఏరుకున్నాడనీ అంటారు. పెద్ద సంఘంవాళ్ళు లోకం పుట్టకముందే ఆయన ఉన్నాడంటారు. స్నానంవాళ్ళ లెక్కలో ఆయన కొండంత ఎత్తున్న దేవదూత. మొదట ఆదాము ఒంట్లో వచ్చాడు, మళ్ళీ మళ్ళీ వచ్చాడు, చివరికి యేసై వచ్చాడు. ముగ్గురూ ఒకే బజారులో ఉప్పు కొంటారు. ముగ్గురూ మిగతా ఇద్దరికీ పరలోకంలో చోటు లేదంటారు. అక్కడ జాగా అంత ఇరుకో ఏమో మరి.

స్నానంవాళ్ళు మాంసం ముట్టరు, ద్రాక్షరసం ముట్టరు; రొట్టెతో పాటు గిన్నెలో నీళ్ళే పెట్టుకుని ప్రభువును తలుచుకుంటారు. తెల్లవారితే జెరెదు వాగులో మునక వేసి, యెరూషలేము వైపు తిరిగి మొక్కుతారు. నీళ్ళు నిజం, నిప్పు అబద్ధం అన్నది వాళ్ళ మాట. రొట్టె కింద తప్ప నిప్పుకు వాళ్ళ బతుకులో పని లేదు. పిచ్చికుక్క కరిచినా వాళ్ళ మందు నీళ్ళే. కరిచిన ఘడియలోనే కట్టుబట్టలతో పారే నీళ్ళలోకి దిగి మునగాలి, ఏడుగురు సాక్షులను పిలవాలి: ఆకాశం, నీళ్ళు, పవిత్రాత్మలు, ప్రార్థన దూతలు, నూనె, ఉప్పు, నేల. ఆడవాళ్ళ కోసం ఒడ్డున నిలబడి ఆ పిలుపు పిలిచేది షెలామే. ఆమె గొంతు ఖంగుమంటే అవతలి గట్టున మేకలు మేత ఆపి చూసేవి.

వాళ్ళకి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఊరు వాళ్ళని క్షమించనిది దానికే. ప్రాణం మీదికి వస్తే నమ్మకాన్ని పెదవితో కాదనొచ్చు, మనసులో ఉంటే చాలు, పాపం లేదు అంటారు. దాన్నే పెదవి మాట అంటారు. చక్రవర్తి మనుషులు తమ దేవుళ్ళకు ఊరూరా బలిపీఠాలు పెట్టించిన చెడ్డ రోజుల్లో షెలామ తండ్రి నిప్పులో సాంబ్రాణి వేసి, చేతులు దులుపుకుని ఇంటికొచ్చి, హాయిగా భోజనం చేశాడు. సంఘంవాళ్ళు వేయలేదు. కమ్మరి సిల్వాను తండ్రిని కన్ను పొడిచి, కాలి నరం కాల్చి, పూనోను రాగి గనులకు తోలారు. ఆయన కుంటుకుంటూ తిరిగొచ్చి బతికినంత కాలం ఒక్క కంటితోనే స్నానంవాళ్ళ వాకిళ్ళ వైపు చూసేవాడు. ఆ చూపు తట్టుకోవడం కష్టంగా ఉండేదని షెలామ చాలాసార్లు అనేది.

అలాంటి కమ్మరి ఇంటి పిల్లవాడినే రూహామ కోరుకుంది. సిల్వాను కొడుకు అల్ఫయి కొడవళ్ళకు పదును పెట్టడానికి తోటలకు వస్తూ పోతూ ఆ పిల్ల మనసు పట్టేశాడు. సంఘంలో చేరితేనే పెళ్ళి అన్నారు. సంఘం పెద్ద, దోమ్ను అనే ఆయన, ఆమెకు నూనె రాసి, దయ్యాలను వెళ్ళగొట్టే మాటలు చదివి, అందరి ముందూ మాట తీసుకున్నాడు: ఇక స్నానంవాళ్ళ మునక మునగను, ఆ సాక్షులను పిలవను అని. రూహామ తడబడకుండా చెప్పింది. పెళ్ళి జరిగింది.

షెలామ కుంగిపోతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ కుంగలేదు సరికదా, నవ్వుతూ తిరిగింది. పొరుగామె జాలి చూపబోతే, "పిచ్చిదానా, నా తండ్రి మనవరాలు అది. పెదవితో అంది. పెళ్ళి కావాలి, చెప్పింది. మనసు ఎక్కడికి పోతుంది?" అంది. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె వియ్యంకుల ఇంటి మాంసపు వాసన భరించింది, వాకిట్లో పీట వేసుకుని కూర్చుని కూతురితో కబుర్లాడి వచ్చేది. లోపలికి మాత్రం వెళ్ళేది కాదు. లోపల కొలిమి ఉంది.

పండ్ల కోత నడుస్తున్న రోజుల్లో, పొద్దు నెత్తిన ఉండగా, ఎడారి వైపు నుంచి ఒక కుక్క తోటలోకి వచ్చింది. తోక కాళ్ళ మధ్య, నోట్లోంచి తీగలా చొంగ. ముందు చెట్టుకు కట్టిన గాడిద మూతి పట్టింది. తర్వాత కింద రాలిన పండ్లు ఏరుతున్న రూహామ పిక్క పట్టింది. మగవాళ్ళు కర్రలతో కొట్టి చంపేసరికి కాలి వెంట నెత్తురు కారుతోంది.

బుట్టలు అందించడానికి షెలామ కూడా ఆ తోటలోనే ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని వాగు వైపు పరుగెత్తింది. ఆ వయసులో అంత పరుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. గట్టు దిగి, మోకాళ్ళ లోతుకు వెళ్ళి, వెనక్కి తిరిగి చూస్తే కూతురు ఒడ్డునే ఆగి ఉంది.

"దిగు," అంది షెలామ.

"దిగనమ్మా."

"దిగవే నా తల్లీ, విషం ఎక్కిపోతుంది. సాక్షుల్ని నేను పిలుస్తాలే. నువ్వు ఊరికే మునుగు."

"మునగనని మాటిచ్చాను కదా."

"అది పెదవి మాటేగా. నాకు తెలీదా ఏంటి?"

రూహామ ముఖం పాలిపోయి ఉంది. అయినా మాట తడబడలేదు. "కాదమ్మా. మనసుతోనే ఇచ్చాను," అంది.

షెలామకు కుక్క కరిచింది కూతుర్ని కాదు, తననే అనిపించింది. ఇన్నాళ్ళూ ఏ నమ్మకాన్ని పట్టుకుని ఆ వాకిట్లో కూర్చుందో అది చేతిలోంచి జారి వాగులో కొట్టుకుపోయింది. ఏడవడానికి కూడా సమయం లేదు. వెనక్కి వచ్చి, తలగుడ్డ తీసి నీళ్ళలో ముంచి, గాయాన్ని కడిగింది. కడగడానికి ఎవరూ అడ్డు చెప్పలేదుగా. మళ్ళీ ముంచింది, మళ్ళీ కడిగింది. నీళ్ళలో ఎరుపు పోయేదాకా వదల్లేదు. ఏడు పేర్లూ గొంతు దాకా వచ్చాయి. పళ్ళు బిగించి ఆపేసింది.

అప్పుడు సిల్వాను వచ్చాడు, సమ్మెటలు మోసిన చేతులు వేలాడేసుకుని. వాత పెట్టాలి, ఇనుము కాలుతోంది, ఆలస్యమైతే లాభం లేదన్నాడు. షెలామ కూతురి చెయ్యి మరింత గట్టిగా పట్టుకుంది. నిప్పు. తన కడుపున పుట్టిన పిల్ల ఒంటి మీద నిప్పు.

"వదినగారూ, తిట్టాలంటే తర్వాత తీరిగ్గా తిట్టుకోండి," అన్నాడు సిల్వాను. "ముందు పిల్లని వదలండి."

షెలామ వదిలింది. ఆ వదలడం తన జీవితంలో తాను చేసిన అతి పెద్ద పని అనీ, అది పుణ్యమో పాపమో చచ్చేదాకా తేలలేదనీ తర్వాత చెప్పుకునేది. కొలిమి బయట గోడకు ఆనుకుని నిలబడింది. లోపల రూహామ అరవలేదు, పళ్ళ మధ్య తోలు ముక్క పెట్టారు. మాంసం కాలిన వాసన మాత్రం బయటికి వచ్చింది. మాంసం వాసనకే ముక్కు మూసుకునే మనిషి ఆ రోజు ముక్కు మూసుకోలేదు.

ఇక మిగిలింది ఎదురుచూడటం. పిచ్చికుక్క విషం దొంగ విషం. ఒంట్లో దాక్కుంటుంది, ఎప్పుడు బయటపడుతుందో తెలియదు. బయటపడితే మనిషి నీళ్ళను చూసి జడుస్తాడు, గొంతు బిగుసుకుపోతుంది, తర్వాత ఇక మనిషి కాదు. మా ఊళ్ళో అలాంటివాళ్ళను తాళ్ళతో కట్టి గాడిదల కొట్టంలో వేసి తలుపు మూసేవాళ్ళు, అంతా అయిపోయేదాకా. అలా మూసిన తలుపు వెనక నుంచి వచ్చిన చప్పుళ్ళు విన్నవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. షెలామా విన్నది.

అందుకని ప్రతి పొద్దుటా వాగుకు వెళ్ళి, మునక వేసి, ఒక మట్టి గిన్నెలో నీళ్ళు పట్టుకుని వియ్యంకుల వాకిట్లోకి వచ్చేది. కాలు నయం కాని రూహామ గడప దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, గిన్నె అందుకుని గటగటా తాగేది. ఆ గొంతు కదలడం చూస్తే గాని షెలామకు ఆ రోజు బుట్ట మీద చెయ్యి పడేది కాదు. సిల్వాను కూడా ఏదో పని ఉన్నట్టు ఆ వేళకు బయటికి వచ్చి, ఆ తాగడం చూసి లోపలికి వెళ్ళేవాడు. నీళ్ళ మీద షెలామ ఏ పిలుపూ పిలవలేదు. నాలుక దురద పెట్టినా పిలవలేదు.

కానీ ఊరికి ఇంత మేత దొరికితే ఊరుకుంటుందా? బుట్టల ముసలిది రోజూ వాగు నీళ్ళు మంత్రించి సిల్వాను కోడలి చేత తాగిస్తోంది, గిన్నెలో నీళ్ళంటే వాళ్ళ ప్రభువు భోజనమే కదా, మెల్లగా పిల్లను వెనక్కి లాగుతోంది అన్న మాట దోమ్ను చెవిన పడింది. దోమ్ను చెడ్డవాడు కాదు. ఆయన మేనమామ పూనోను గనుల్లో చచ్చిపోయాడు. పెదవి మాట అన్న పేరు వింటేనే ఆయనకు ఒళ్ళు మండేది. ప్రభువు దినం కూడిక అయ్యాక రూహామను పక్కకు పిలిచి ఇంకో మాట తీసుకున్నాడు: అమ్మ చేతి నీళ్ళు ఇక తాగకూడదు, ఎందుకో ఆమెకు చెప్పకూడదు, చెబితే ఆవిడ ఇంకో ఉపాయం పన్నుతుంది అని. అల్ఫయి కత్తుల మూటతో కొండ ఊళ్ళకు వెళ్ళి ఉన్నాడు. మామగారికి చెప్పే ధైర్యం ఆమెకు లేదు. తల ఊపింది. ఆ పిల్ల తల ఊపిందంటే ఇచ్చిన మాటే.

ఆ సాయంత్రమే కుక్క కరిచిన గాడిదకు పిచ్చెక్కింది. తొట్టిలో నీళ్ళు చూసి వెనక్కి తన్నుకుంది, కట్టుకొయ్యను కొరికింది, నురగలు కక్కింది. పొద్దు గుంకేలోపు చచ్చింది. తోటలో పనివాళ్ళంతా చూశారు. షెలామ కూడా నిలబడి చివరిదాకా చూసింది.

మర్నాడు మామూలు కంటే ముందే గిన్నె పట్టుకుని వచ్చింది. రూహామ గడప దగ్గరికి వచ్చింది. గిన్నె వైపు చూసింది. గొంతు ఒక్కసారి కదిలింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

"తాగమ్మా," అంది షెలామ.

రూహామ తల అడ్డంగా ఊపి, కళ్ళనీళ్ళతో లోపలికి వెళ్ళిపోయింది.

విషం ఎక్కిందనుకుంది షెలామ. గిన్నెను గోడ మీద పెట్టింది, పెట్టినట్టు కూడా ఆమెకు తెలియదు. ఎవరికీ చెప్పకూడదు, చెబితే కొట్టం తలుపు మూస్తారు. చెప్పకపోతే ముంచడానికి సాయం ఎవరు పడతారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే ఆమె చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఎదురింటి గోడ మీంచి ఒకామె చూడనే చూసింది. షెలామ వీధి మలుపు దాకా వెళ్ళి, ఎటు వెళ్ళాలో తెలియక వెనక్కి తిరిగేసరికి, తాళ్ళు భుజాన వేసుకుని నలుగురైదుగురు సిల్వాను వాకిట్లో నిలబడి ఉన్నారు. దోమ్నును కూడా పిలుచుకొచ్చారు. సిల్వాను గడపకు అడ్డంగా నిలబడ్డాడు గాని, ఆ మనిషి కళ్ళల్లోనూ గాడిదే ఉంది.

షెలామ తిన్నగా వెళ్ళి దోమ్ను కాళ్ళ దగ్గర కూలబడింది. జన్మలో ఆయనకు నమస్కారం కూడా పెట్టని మనిషి.

"అయ్యగారూ, నా చేతి నీళ్ళు చూసి ముఖం తిప్పుకుంది. విషం ఎక్కింది. ఒక్క మునక మునగనివ్వండి. మీరు ఊఁ అంటే మునుగుతుంది. మీ మాట అది మనసుతోనే వింటుంది."

దోమ్నుకు అప్పుడే అర్థమైంది. ఆ పిల్ల ముఖం తిప్పుకుంది విషానికి కాదు, తనకిచ్చిన మాటకు. అప్పుడే నోరు తెరిచి ఆ సంగతి చెప్పి ఉంటే తాళ్ళు భుజాల మీంచి దిగేవి, ఈ కథా ఉండేది కాదు. చెప్పలేదు. కాళ్ళ దగ్గర పెదవి మాట జాతి ఆడది ఊరందరి ముందూ ఏడుస్తోంది. అలాంటి ఘడియ కోసం ఆయన మనసులో ఏదో మూల ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తోంది. మంచివాళ్ళ చేత కూడా సైతాను ఇలాంటి పనులు చేయిస్తాడు.

"సాక్షుల్ని వదిలేశానని ఇక్కడే అందరి ముందూ చెప్పు, షెలామా," అన్నాడు. "ఒక్కొక్కరి పేరూ పెట్టి చెప్పు. అప్పుడు నేనే దగ్గరుండి ముంచనిస్తాను."

స్నానంవాళ్ళకు ఇదెంత పని? పెదవి కదిపితే చాలు. ఆమె తండ్రి చేశాడు, నవ్వుతూ చేశాడు. షెలామ లేచి నిలబడింది, నోరు తెరిచి ఆగింది. మనసుతోనే ఇచ్చానని కూతురు ఒడ్డున అన్నప్పటి నుంచి ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఈ పిల్ల చావుకు ఎదురుగా నిలబడి కూడా ఉత్త పెదవితో మాట్లాడలేదు. తను ఇప్పుడు మాట్లాడాలి. ఆ పిల్ల బతకాలంటే మాట్లాడాలి.

"ఆకాశాన్ని వదిలేశాను," అంది. "నీళ్ళని..."

సిల్వాను చెయ్యి పక్కకు తోసి రూహామ బయటికి వచ్చింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. గోడ మీద అమ్మ వదిలేసిన గిన్నె తీసుకుని, ఎత్తి, చుక్క మిగలకుండా తాగింది. మూతి తుడుచుకుని ఖాళీ గిన్నెను అందరికీ కనబడేలా తిప్పి పట్టుకుంది.

"నాకు పిచ్చీ లేదు, ఏమీ లేదు. అమ్మ చేతి నీళ్ళు తాగొద్దని అయ్యగారు మాట తీసుకున్నారు. అందుకే తాగలేదు," అంది. తర్వాత దోమ్ను వైపు తిరిగి, కోపం లేకుండా, అలిసిపోయిన గొంతుతో అంది: "మీకు తెలుసు. అయినా అమ్మని చెప్పనిచ్చారు."

దోమ్ను తల దించుకున్నాడు. తాళ్ళు తెచ్చినవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని మెల్లగా జారుకున్నారు. సిల్వాను గడప మీదే కూలబడ్డాడు. షెలామ మాత్రం కూతురి గొంతు వైపే చూస్తోంది, ఇంకోసారి కదులుతుందేమో అన్నట్టు.

ఇచ్చిన మాట తప్పినవాళ్ళు వసంతంలో వచ్చే పస్కా పండుగ దాకా సంఘం తలుపు బయట నిలబడాలి, అది వాళ్ళ కట్టుబాటు. నువ్వు నిలబడక్కర్లేదు, తప్పు నాదే అని దోమ్ను మెత్తగా చెప్పి చూశాడు. రూహామ ఒప్పుకోలేదు, తప్పానా లేదా అని అడిగి, తప్పావనే జవాబు వచ్చాక వెళ్ళి బయట నిలబడింది. చలికాలమంతా ప్రతి ప్రభువు దినమూ ఆ తలుపు పక్కన కుంటికాలి మీద నిలబడి, లోపలి పాటలు బయటి నుంచి పాడింది. షెలామ మట్టల కట్ట తెచ్చుకుని ఆ పక్కనే కూర్చుని బుట్టలు అల్లేది. లోపలి మాటలు వినబడకుండా మట్టల్ని కావాలనే గట్టిగా చీల్చేదని కొందరంటారు. విషం ఇక రానే లేదు. నీళ్ళు కడిగాయని స్నానంవాళ్ళు, నిప్పు కాల్చిందని కమ్మరివాళ్ళు, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆకాశాన్ని వదిలేశానన్న ఆ ఒక్క మాట మాత్రం షెలామను వదల్లేదు. పెదవి మాటకు పాపం లేదు, మన పెద్దలే చెప్పారు కదా అని స్నానంవాళ్ళు ఎంత ఓదార్చినా, "మీకు లేదేమో, నాకుంది" అనేది. ఆ తర్వాత ఒడ్డున నిలబడి సాక్షులను పిలిచిన ప్రతిసారీ ఆకాశం దగ్గర గొంతు తగ్గించేది. తప్పు చేసి తల్లి ముందు నిలబడ్డ పిల్లలా ఉండేది అప్పుడు.

కొన్నేళ్ళకు ఆమె పోయింది. అప్పటికి స్నానంవాళ్ళ ఇళ్ళు తగ్గిపోయాయి. కొందరు సంఘంలో కలిశారు, కొందరు అర్నోను ఏటి అవతలికి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఆడమనిషి చనిపోతే ఇంకో ఆడమనిషి ఆమె బదులు కట్టుబట్టలతో వాగులో మునిగి, చివరిసారిగా సాక్షులను పిలవాలి. పిలవడానికి ఎవరూ లేరు. ముసలి మగవాళ్ళు ఇద్దరు ఒడ్డున దిక్కులు చూస్తూ నిలబడ్డారు. రూహామ ఎవరినీ అడగలేదు. చెప్పులు విప్పి, గట్టు దిగి, నడుము లోతుకు వెళ్ళి, మునిగి లేచి ఏడుగురినీ పేరు పేరునా పిలిచింది. ఆకాశాన్ని అందరికంటే గట్టిగా పిలిచింది. అవతలి గట్టున మేకలు మేత ఆపాయి.

ఆ కబురు దోమ్నుకు చేరకుండా ఉంటుందా? ఆమె గట్టెక్కి ఇంటికి వస్తుంటే దారిలో ఎదురయ్యాడు, కర్ర ఊతంతో, ముసలైపోయి.

"పిలిచావట," అన్నాడు.

"పిలిచాను."

ఆయన కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చివరికి అడిగాడు. "మనసుతోనా?"

రూహామ ఆయన కళ్ళలోకి చూసింది.

"పెదవితోనే అయ్యగారూ," అంది.

ఆమె జుట్టులోంచి నీళ్ళు ఇంకా కారుతూ మట్టిలో పడుతున్నాయి. దోమ్ను ఆ తడి వైపు చూశాడు. గాలి తిరుగుతోంది, జలుబు చేస్తుంది, ముందు ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోమన్నాడు.